బొగ్గుకు అంటు కట్టిన కథ



టార్చిలైటు సెల్లు అయిపోతే చిన్నప్పుడు మనమేం చేసేవాళ్ళమో గుర్తుందా? ముందు ఎండలో పెట్టి ఇంకో రెండు రోజులు లాగించేవాళ్ళం. అప్పటికీ వెలగకపోతే రాయి పెట్టి చితక్కొట్టి, లోపలున్న నల్లటి పుల్లను బయటికి తీసేవాళ్ళం. చేతులూ బట్టలూ మసి చేసుకుని, ఆ పుల్లతో అరుగు మీద అష్టాచెమ్మా గళ్ళు గీసుకునేవాళ్ళం. ఇప్పటి పిల్లలు ఆ పని చేయవద్దు. సెల్లులోని సరుకు ఒంటికి మంచిది కాదు. అప్పట్లో మనకు ఆ సంగతి చెప్పేవాళ్ళు లేరు.

ఆ నల్లపుల్లే ఇవాళ్టి మన కథకు నాయకుడు. అది కర్బనం, అంటే బొగ్గు జాతిది. సెల్లు వాడుతున్నకొద్దీ పైన ఉన్న జింకు డబ్బా తరిగిపోతుంది. లోపలి నల్లపొడి రసాయనికంగా మారిపోతుంది. పుల్ల మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. విద్యుత్తును దాటిస్తుందేగాని తాను ఏ చర్యలోకీ దిగదు. పెళ్ళి పందిట్లో వడ్డించేవాణ్ణి చూడండి, బంతి బంతికీ అందరికీ వడ్డిస్తాడు, తాను మాత్రం ముద్ద ముట్టడు. బొగ్గు వరసా అంతే.

ఈ గుణాన్ని వాడుకున్న తొలివాళ్ళలో జర్మనీ శాస్త్రవేత్త బున్సెన్ ఒకడు. మన బడి ప్రయోగశాలల్లో ఆయన పేరుతో బర్నర్ ఉంటుంది, ఆయనే. అంతకు ముందు గ్రోవ్ అనే ఆయన చేసిన ఘటంలో ప్లాటినం రేకు వాడేవారు. ప్లాటినం ధర తెలిసిందే కదా. 1841లో బున్సెన్ ఆ రేకు తీసేసి బొగ్గు పెట్టాడు. 1866లో ఫ్రాన్సులో లెక్లాంషే తయారుచేసిన ఘటంలోనూ బొగ్గు పుల్లే. మన టార్చిలైటు సెల్లు దాని మనవడు.

ఇంతవరకు బాగానే ఉంది. దేనికీ అంటకపోవడమే బొగ్గు గొప్పతనం. కాని వందేళ్ళు దాటాక ఆ గొప్పతనమే ఒక అడ్డంకి అయింది. ఎందుకో చెబుతాను.

విద్యుత్తును ద్రావణంలోకి పంపడానికి, ద్రావణం నుంచి తీసుకోవడానికి మనం ముంచే కడ్డీని ఎలక్ట్రోడు అంటాం. దానితో వస్తువులు తయారు చేయవచ్చు, వస్తువులను కొలవనూ వచ్చు. రక్తంలో చక్కెర ఎంత ఉందో కొలవాలనుకుందాం. ఉత్త బొగ్గు కడ్డీకి చక్కెరా తెలియదు, ఉప్పూ తెలియదు. ఎవరు వచ్చి ఎలక్ట్రాను ఇస్తే వాళ్ళ దగ్గర పుచ్చుకుంటుంది. ఫలానావాడిని మాత్రమే గుర్తుపట్టు అని దానికి చెప్పాలంటే, గుర్తుపట్టగల అణువును దాని ఒంటికి కట్టాలి. అదీ నీళ్ళకు ఊడిపోకుండా కట్టాలి. గోడకు మైదాపిండితో అతికించిన సినిమా బొమ్మ మొదటి వానకే జారిపోతుంది. అలా కాకూడదు.

మన తోటల్లో దీనికి సరిగ్గా సరిపోయే మాట ఉంది, అంటు. మామిడి కొమ్మను ఇంకో మొక్కకు దారంతో బిగించినంత మాత్రాన అది అంటు కాదు. రెండింటి పసరూ ఒకటై, రెండూ ఒకే మానుగా ఎదిగితేనే అంటు. రసాయన శాస్త్రంలో ఆ కలయికకు సమయోజనీయ బంధం అని పేరు. రెండు పరమాణువులు తమ ఎలక్ట్రాన్లను ఉమ్మడిగా పెట్టుకుని ఒకదాన్నొకటి పట్టుకోవడం. అంటని బొగ్గుకు అలాంటి అంటు కట్టడం ఎలా? దీనికి మంచి జవాబు 1992లో పారిస్‌లో దొరికింది. అయితే ఆ జవాబుకు వాడిన పదార్థం కొత్తది కాదు. మన రంగుల కార్ఖానాల్లో బకెట్లలో కలుపుతూ వచ్చినదే. అందుకే పారిస్ వెళ్ళే ముందు ఒకసారి మా వీధికి రండి.

మాది షోలాపూరు. 1877లో ఇక్కడ తొలి నూలుమిల్లు మొదలైన తర్వాత తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలి కుటుంబాలు వరసగా తరలి వచ్చాయి. వాటిలో మాదీ ఒకటి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నేను ఇప్పుడు పాఠం చెప్పేదీ మరాఠీలోనే. మా కాక, అంటే నాన్నగారి తమ్ముడు, నూలుకు రంగు అద్దేవాడు. నాఫ్తాల్ ఎరుపు, మెరూన్ ఆయన చేతి రంగులు. దుప్పటి పోగుపోగు చిరిగిపోయినా ఆ ఎరుపు పోయేది కాదు.

ఆ రంగు అద్దడంలో ఒక తమాషా ఉంది. ఇంటి దగ్గర ఈ పని చూసినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. మొదట నాఫ్తాల్‌ను కాస్టిక్ సోడాతో కరిగించి నూలు చిలపలను అందులో ముంచుతారు. అప్పటికి నూలు మీద ఎరుపు జాడే ఉండదు. ఇంకో తొట్టిలో ‘బేసు’ అనే పదార్థాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం నైట్రైటులతో కలుపుతారు, మంచుగడ్డలు వేసి మరీ. పిండిన చిలపను తీసుకెళ్ళి ఈ రెండో తొట్టిలో ముంచగానే, కళ్ళ ముందే భగ్గుమని ఎరుపు. అంటే రంగును బయట తయారుచేసి నూలుకు పూయడం లేదు. నూలు లోపలే రంగును పుట్టిస్తున్నారు. అందుకే అది ఊడదు.

రెండో తొట్టిలో పుట్టే పదార్థం పేరు డయజోనియం లవణం. దీని రూపం మనసులో పెట్టుకుంటే తక్కిన కథంతా తేలిక. ఆరు కర్బన పరమాణువులు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డాయనుకోండి. అదొక వలయం. ఆ వలయానికి తోకలాగా రెండు నత్రజని పరమాణువులు. అవి రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, ఎప్పుడెప్పుడు ఈ వలయాన్ని వదిలి గాలిలో కలుద్దామా అని చూస్తుంటాయి. గాలిలో ముప్పాతిక వంతుకు పైగా ఉన్నది ఆ నత్రజనే కదా. చల్లగా ఉన్నంతసేపు ఆగుతాయి. వేడి తగిలితే ఆగవు. మంచుగడ్డలు అందుకు.

మంచు తక్కువైతే ఏమవుతుంది? తొట్టిలో నురగ కడుతుంది, ద్రావణం గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇక దానితో రంగు పట్టదు, పారబోయాల్సిందే. ఎండాకాలంలో మంచుగడ్డల బండి ఆలస్యమైతే మా కాక వీధి మొగలోనే నిలబడి ఉండేవాడు. ఆయనకు నురగ అంటే నష్టం.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఏడెనిమిదేళ్ళ కిందట పదో తరగతిలో ఒక అమ్మాయి నన్ను దీని గురించే అడిగింది. వాళ్ళ ఇంట్లోనూ రంగుల పనే. మా వైపు టీచరమ్మను మరాఠీ అలవాటు కొద్దీ ‘బాయి’ అంటారు. “బాయీ, బరఫ్ తక్కువైతే టబ్బుల నురగొస్తది గదా, గా గాలేంది?” అంది. నైట్రైటూ ఆమ్లమూ కలిస్తే పొగ వస్తుంది, అదే అయివుంటుందమ్మా అన్నాను. గంట కొట్టారు, పుస్తకం మూసేశాను. ఆ జవాబు తప్పు అని నాకు ఈ మధ్యనే తెలిసింది, ఈ ప్రసంగం కోసం చదువుకుంటుంటే. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

డయజోనియం పదార్థాలను మొదట కనిపెట్టినవాడు పీటర్ గ్రీస్ అనే జర్మన్. 1858లో పిక్రామిక్ ఆమ్లం మీద నైట్రస్ ఆమ్లాన్ని ప్రయోగిస్తుంటే ఈ కొత్తజాతి పదార్థం ఆయనకు చిక్కింది. తర్వాత ఇంగ్లండు వెళ్ళాడు. 1862 నుంచి బర్టన్ అనే ఊళ్ళో ఒక బీరు కంపెనీలో రసాయనికుడుగా ఉద్యోగం. పగలు బీరు పరీక్షలు, తక్కిన సమయంలో తన పరిశోధన. 1888లో చనిపోయేదాకా ఆ ఉద్యోగంలోనే ఉన్నాడు. ఈలోగా ఆయన కనిపెట్టిన చర్యను పట్టుకుని రంగుల కంపెనీలు కోట్లు గడించాయి. 1880లో ఇంగ్లండులో హాలిడే సోదరులు నూలులోనే ఎరుపు పుట్టించే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. 1912లో జర్మనీ నుంచి నాఫ్తాల్ ఏ.ఎస్. వచ్చింది. మా కాక తొట్టి వాటి సంతతే.

ఆ సంపద వెనక ఒక చీకటి కోణం కూడా ఉంది. 1895లో ఫ్రాంక్‌ఫర్టులో లూడ్విగ్ రేన్ అనే శస్త్రవైద్యుడు, రంగుల ఫ్యాక్టరీల కూలీలకు మూత్రాశయపు కాన్సరు వస్తోందని గమనించి చెప్పాడు. ఆ దోషం డయజో చర్యది కాదు. ఆ చర్యకు ముడిసరుకుగా వాడే కొన్ని అమీన్లది, ముఖ్యంగా బెంజిడీన్ వంటివాటిది. అలాంటి అమీన్లు విడుదల చేసే రంగులను 1994లో జర్మనీ ఆపింది. అదే దశకంలో మన దేశంలోనూ కొన్నిటిని నిషేధించారు. మన వీధుల్లో ఆ రోజుల్లో ఎగుమతి సరుకు వెనక్కి వచ్చిందని పెద్దవాళ్ళు చెప్పుకోవడం మీరూ వినే ఉంటారు. ఏ రంగు వాడినా చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. ఈ మాట నేను రేడియోలో చెప్పినా, వీధిలో చెప్పినా ఒకటే.

సరే, మళ్ళీ ఎలక్ట్రోడు దగ్గరకు వద్దాం.

ఇరవయ్యో శతాబ్దంలో ఎలక్ట్రోడులతో కొలిచే విద్యకు గట్టి పునాది వేసినవాడు ప్రాగ్ నగరంలోని యారొస్లావ్ హైరోవ్‌స్కీ. 1922లో ఆయన సన్నటి గాజు గొట్టంలో నుంచి పాదరసాన్ని బొట్టు బొట్టుగా రాల్చుతూ, ఆ బొట్టునే ఎలక్ట్రోడుగా వాడాడు. దీనిలో కిటుకు ఏమిటంటే, ప్రతి బొట్టూ కొత్తది. దాని ఒంటిమీద మురికి చేరేలోగానే రాలిపోతుంది, ఇంకో శుభ్రమైన బొట్టు వస్తుంది. 1959లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

అయితే పాదరసానికి ఒక లోపం ఉంది. ధన విద్యుత్తు వైపు కాస్త జరిపితే చాలు, తానే కరగడం మొదలుపెడుతుంది. అటువైపు జరిగే చర్యలను చూడాలంటే వేరే పదార్థం కావాలి. అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ ఆడమ్స్, పాదరసం లాగే బొట్లుబొట్లుగా రాలే బొగ్గు ఎలక్ట్రోడు చేద్దామని పూనుకున్నాడు. గ్రాఫైటు పొడిని నీళ్ళతో కలవని ఒక ద్రవంతో కలిపాడు. అది రాలలేదు, ముద్ద కట్టింది. ఆ ముద్దే బాగా పనిచేస్తుందని గమనించి 1958లో ప్రకటించాడు. కర్బనపు ముద్ద ఎలక్ట్రోడు అని దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. 1960ల తొలి సంవత్సరాల్లో జపాన్‌లో గాజులాంటి కర్బనం వచ్చింది. ప్రత్యేకమైన రెసిన్‌ను గాలి తగలకుండా మెల్లమెల్లగా కాలిస్తే గాజులా నున్నగా, నల్లగా మెరిసే బొగ్గు అవుతుంది. 1965 నాటికి అదీ ఎలక్ట్రోడుగా వాడకంలోకి వచ్చింది.

బొట్టు పోయి గట్టి కడ్డీ వచ్చింది కాబట్టి పాత బెడదా తిరిగి వచ్చింది. వాడినకొద్దీ కడ్డీ ఒంటిమీద ఏదో పొర పేరుకుంటుంది. విద్యుత్తు తగ్గిపోతుంది. ప్రయోగం చేసేవాళ్ళు విసుక్కుని, కడ్డీని తీసి అల్యూమినా పొడితో రుద్దిరుద్ది, కడిగి, మళ్ళీ మొదలుపెడతారు. ఇత్తడి చెంబును చింతపండుతో తోమినట్టు అనుకోండి. పొర అంటే వాళ్ళకు చికాకు. మా కాకకు నురగ ఎలాగో, వీళ్ళకు పొర అలాగ. ఈ రెండు మాటలూ కాస్త గుర్తుంచుకోండి.

1970ల్లో కొందరికి ఎదురు ఆలోచన తట్టింది. ఎలాగూ ఏదో ఒకటి అంటుతోంది కదా, మనకు కావలసినదాన్నే అంటిస్తే? 1973లో లేన్, హబ్బర్డ్ అనేవాళ్ళు ప్లాటినం మీద అణువులను నిలబెట్టారు. 1975లో రాయిస్ మర్రే బృందం తగరపు ఆక్సైడు మీద సిలికాన్ అణువులతో బంధం వేసింది. అదే 1975లో మిల్లర్ బృందం బొగ్గు జోలికి వచ్చింది. గ్రాఫైటును గాలిలో వేడిచేసి దాని అంచుల్లో ఆమ్ల సమూహాలు పుట్టించి, వాటికి ఒక అమైనో ఆమ్లాన్ని తగిలించారు. మంచి పనే. కాని ఇందులో ముందు బొగ్గును కాల్చి గాయపరచాలి, ఆ గాయాల దగ్గర మాత్రమే అంటు పడుతుంది, మధ్యలో రెండు మూడు మెట్ల రసాయన చర్య. నేల మీద గుంటలు తవ్వి ఆ గుంటల్లో మాత్రమే మొక్కలు పెట్టినట్టు. నేలంతా పైరు కావాలంటే ఎలా?

1990లో ఫ్రాన్సులో బార్బియే, పాన్సోన్ మొదలైనవారు కొంత ముందుకు వచ్చారు. వాళ్ళ అవసరం వేరు. విమానాల విడిభాగాలకు కర్బన పోగులను ఎపాక్సీ జిగురులో పొదిగి గట్టి పలకలు చేస్తారు. పోగు నున్నగా ఉంటే జిగురు పట్టదు, పలక పొరలు పొరలుగా విడిపోతుంది. వీళ్ళు అమీన్ ద్రావణంలో కర్బన పోగును ధన ధ్రువంగా పెట్టి విద్యుత్తు పంపారు. అమీన్ ఒక ఎలక్ట్రానును పోగొట్టుకుని, ఆ తహతహలో పోగునే పట్టుకుంది. పట్టుకున్న అమీన్ తన రెండో చేత్తో జిగురును పట్టుకుంటుంది. నూలు పోగుకు రంగు పట్టించడం తెలిసినవాళ్ళకు ఈ బాధ బాగా అర్థమవుతుంది.

ఇక 1992. దెలమార్, హిత్మి, పాన్సోన్, సవేయాన్ అనే నలుగురు ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. వీరిలో జాన్ మిషెల్ సవేయాన్ పారిస్‌లో విద్యుత్ రసాయన శాస్త్రానికి పెద్దదిక్కు. 2020లో చనిపోయాడు. వాళ్ళు చేసినదేమిటో ప్రయోగశాలలో పక్కన నిలబడి చూస్తున్నట్టు చెబుతాను.

ఒక గిన్నెలో డయజోనియం లవణపు ద్రావణం. అందులో గాజు కర్బనపు కడ్డీ. కడ్డీకి మెల్లగా రుణ విద్యుత్తు పెంచుతూ పోయారు. కొంతసేపటికి విద్యుత్ ప్రవాహం అలలాగా లేచి పడింది. అంటే డయజోనియం అణువులు కడ్డీ దగ్గర ఎలక్ట్రాన్లు పుచ్చుకున్నాయి. మళ్ళీ మొదటినుంచి పెంచారు. ఈసారి అల చిన్నది. ఇంకొన్నిసార్లు పెంచేసరికి అల మాయం. కడ్డీ మీద ఏదో పొర కూర్చుంది. మామూలుగా అయితే ఇక్కడే విసుక్కుని అల్యూమినా పొడి అందుకోవాలి. వీళ్ళు తోమలేదు. ఆ పొర ఏమిటో చూద్దామన్నారు.

జరిగింది ఇది. డయజోనియం అణువు ఒక ఎలక్ట్రాను పుచ్చుకోగానే దాని తోక, ఆ రెండు నత్రజని పరమాణువులు, గాలి బుడగగా ఎగిరిపోయింది. మిగిలిన వలయానికి ఒక చెయ్యి ఖాళీ అయింది. ఇలా జంట లేని ఎలక్ట్రానుతో మిగిలినదాన్ని రాడికల్ అంటారు. దానికి క్షణం ఓపిక ఉండదు, దగ్గర ఏది ఉంటే దాన్ని పట్టుకుంటుంది. దగ్గర ఉన్నది బొగ్గు. పట్టుకుంది. కర్బనానికీ కర్బనానికీ మధ్య గట్టి బంధం. అంటు కట్టుకుంది.

మా కాక తొట్టిలో రంగు పట్టేటప్పుడు నత్రజని ఎక్కడికీ పోదు, వలయానికీ నాఫ్తాల్‌కూ మధ్య వంతెనలా నిలుస్తుంది. అది పోతే ఆయనకు రంగు పాడు. ఇక్కడ అది పోతేనే పని జరుగుతుంది. తొట్టిలో వేడికి పోతుంది, ఇక్కడ ఎలక్ట్రాను తాకిడికి పోతుంది. వెనక మిగిలే ముక్కలు రెండు చోట్లా అచ్చం ఒకటి కావు. కాని పోయే గాలి మాత్రం ఒక్కటే.

మరి డయజోనియమే ఎందుకు? రాడికల్‌ను పుట్టించే పదార్థాలు ఇంకా ఉన్నాయి కదా అని మా క్లాసులో అయితే ఎవరో ఒకరు అడిగేవారు. ఉన్నాయి. వలయానికి బ్రోమిన్ తగిలించిన అణువుకు ఎలక్ట్రాను ఇచ్చినా రాడికల్ వస్తుంది. సవేయాన్‌కు ఆ రాడికళ్ళతో చాలా ఏళ్ళ పరిచయం. కాని ఆ అణువుకు ఎలక్ట్రాను ఎక్కించాలంటే కడ్డీకి చాలా ఎక్కువ రుణ విద్యుత్తు ఇవ్వాలి. అంత బలం ఉన్నచోట పుట్టిన రాడికల్‌కు వెంటనే రెండో ఎలక్ట్రాను కూడా అందుతుంది. దాంతో దాని ఆకలి తీరిపోతుంది, ద్రావణంలోకి వెళ్ళిపోతుంది. డయజోనియం అలా కాదు. దాని తోక ఎప్పుడూ పోవడానికి సిద్ధమే కాబట్టి చాలా కొద్ది విద్యుత్తుతోనే, దాదాపు సున్నా దగ్గరే, ఎలక్ట్రానును తీసుకుంటుంది. అక్కడ రాడికల్‌కు రెండో ఎలక్ట్రాను దొరకదు. ఆకలితోనే ఉంటుంది, బొగ్గును పట్టుకుంటుంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. నిలకడ లేదని పేరుపడ్డ గుణమే ఇక్కడ పనికి వచ్చింది.

నిజంగా అంటు కట్టిందా, ఊరికే అతుక్కుందా? అదీ పరీక్షించారు. వలయానికి రెండో వైపున నైట్రో సమూహం ఉన్న అణువును ఎంచుకున్నారు. అది జెండా లాంటిది. తనదైన విద్యుత్ సంకేతం ఇస్తుంది. కడ్డీని బాగా కడిగి, ధ్వని తరంగాలతో దులిపి, డయజోనియం చుక్క కూడా లేని కొత్త ద్రావణంలో పెట్టారు. జెండా అక్కడే ఎగురుతోంది. ఎక్స్ కిరణాలతో చూస్తే నైట్రో సమూహపు నత్రజని కనిపించింది. అలా కట్టిన పొరను వదిలించాలంటే గీకడం తప్ప వేరే సులువు లేదని తర్వాత తేలింది. మా కాక ఎరుపులాగే.

నైట్రో బదులు ఏ సమూహం పెట్టుకుంటే ఆ సమూహం బొగ్గు మీదికి వస్తుంది. ఈ పద్ధతిలో సౌలభ్యం అది. అదే 1992లో బూర్దియాన్, మొయిరూ మొదలైనవాళ్ళు ఇలా కట్టిన అణువుల చివరన గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును నిలబెట్టారు. చక్కెరను గుర్తుపట్టే ఎంజైము అది. 1962లో లేలండ్ క్లార్క్ మొదలుపెట్టిన ఎంజైము ఎలక్ట్రోడుల వరసలో ఇదొకటి. ఇక్కడ ఒక పొరపాటు పడకండి. 1987 నుంచి బజారులో దొరికిన, ఈనాడు మన ఇళ్ళలో వేలి నెత్తురు పెట్టి చూసుకునే చక్కెర పట్టీల్లోనూ బొగ్గు ఎలక్ట్రోడులు ఉన్న మాట నిజమే గాని, వాటిలో మామూలుగా ఎంజైమును పూతలా పూసి ఆరబెడతారు. ఒకసారి వాడి పారేసేదానికి అంటు కట్టే అవసరం లేదు. పదేపదే వాడాల్సినచోట, పారే ద్రవంలో పెట్టాల్సినచోట అంటు కావాలి.

1997లో సవేయాన్ బృందం ఇంకో దారి కూడా చూపింది. ఆమ్ల లవణాలను ధన ధ్రువం దగ్గర ఆక్సీకరించి, వచ్చిన ముక్కను బొగ్గుకు కట్టడం. ఆ చర్యకు మూలం 1840లలో హెర్మన్ కోల్బే చేసిన విద్యుద్విశ్లేషణ. ఈ కోల్బే ఎవరనుకున్నారు? డయజో కనిపెట్టిన గ్రీస్‌కు మార్బుర్గ్‌లో చదువు చెప్పిన గురువు. గురువుగారి చర్యా, శిష్యుడి చర్యా నూటయాభై ఏళ్ళకు ఒకే బొగ్గు కడ్డీ మీద కలుసుకున్నాయి.

అన్నీ సవ్యంగానే సాగాయని చెప్పను. ఒక్క వరస అణువులు, చేనులో నాట్లలాగా నిలబడతాయని మొదట ఆశించారు. 1999లో కారియుకి, మెక్‌డెర్మట్ అనేవాళ్ళు అతి సూక్ష్మమైన సూదిమొనతో ఉపరితలాన్ని తడిమి చూసేసరికి అది నాట్లు కాదు, పొద అని తేలింది. రాడికల్ ఆకలి ఎవరినీ చూడదు కదా. ముందే నాటుకున్న వలయాన్ని కూడా పట్టుకుంటుంది. దాని మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి. వరస వేయాల్సినచోట పొద పెరిగితే విద్యుత్తుకు దారి మూసుకుపోతుంది. ఆ పెరుగుదలను అదుపులో పెట్టడానికి ఆ తర్వాత ఎన్నో ఉపాయాలు చేశారు. వలయానికి పక్కల పెద్ద పెద్ద సమూహాలు తగిలించి రెండోవాడికి చోటు లేకుండా చేయడం వాటిలో ఒకటి.

కరెంటు లేకుండానే డయజోనియంతో బొగ్గుపొడికి అంటు కట్టే పద్ధతికి 1996 ప్రాంతంలో కాబట్ అనే అమెరికా కంపెనీ పేటెంట్లు తీసుకుంది. నీళ్ళలో కలవని మసి అలా నీళ్ళలో కలిసేదయింది, ప్రింటర్ల నల్ల సిరాకు పనికివచ్చింది. కెనడాలో రిచర్డ్ మెక్‌క్రీరీ బృందం బొగ్గు మీద కట్టిన ఈ పలుచని అణువుల పొరతో విద్యుత్ పరికరాలు చేసింది. 2010ల్లో వాటిని గిటార్ శబ్దాన్ని మార్చే పెట్టెల్లో పెట్టి అమ్మారు కూడా. పాటకచేరీలో వినబడే అణువులన్నమాట.

నేను కొంచెంసేపు పుస్తకం మూసి కూర్చున్నది మాత్రం 2005 నాటి పని దగ్గర. డయజోనియం లవణాలను పొడిగా చేసి దాచడం ప్రమాదం. వాటిలో కొన్ని ఎండితే పేలతాయి. అందుకని మాంట్రియల్‌లో బరంటన్, బెలాంజే అనేవాళ్ళు ముందుగా తయారుచేయడమే మానేశారు. అమీన్‌నూ, ఆమ్లాన్నీ, సోడియం నైట్రైటునూ ఎలక్ట్రోడు ఉన్న గిన్నెలోనే కలిపి, పుట్టింది పుట్టినట్టే బొగ్గుకు కట్టేశారు. ఆమ్లం, నైట్రైటు, అమీన్. మా కాక బకెట్టు అది. ఆయన కొలతలు గ్లాసుతో వేసేవాడు, వాళ్ళు మిల్లీమోలులతో వేస్తారు.

కాక పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు ప్రశ్న అడిగిన అమ్మాయి మా వీధికి నాలుగో వీధిలోనే ఉంటుంది. పన్నెండో తరగతి తర్వాత చదువు ఆగిపోయింది, ఇంట్లో తువాళ్ళ మడతలు, ప్యాకింగు చూస్తోంది. పోయిన నెల వెళ్ళాను. ఫలానా రోజు నువ్వడిగిన ప్రశ్నకు నేను చెప్పింది తప్పమ్మా, అది ఆమ్లం పొగ కాదు, వలయాన్ని వదిలి వచ్చే నత్రజని, అని ఇక్కడ మీకు చెప్పినంతా చెప్పాను. మడత ఆపకుండానే వింది.

“గప్పుడే అనుకున్న బాయీ. పొగ కలిపేటప్పుడొస్తది, ఎర్రగుంటది, కండ్లు మండుతయి. గా నురగ శానాసేపటికొస్తది, దానికి వాసన గూడ లేదు. పొగ కాదని నాకెర్కే” అంది.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే అన్నాను. “గంట కొట్టిండ్రు గదా” అంది.